ఈతకల్లు వాసన

మా చర్చి సంఘ కార్యదర్శి పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి కల్లు ముట్టలేదట. ఏటా కూడికల్లో లేచి ఆ సాక్ష్యం చెబుతాడు. అటువంటి మనిషి మా బాపు నోటి దగ్గర ముక్కు పెట్టి, "తాటికల్లు గాదు అయ్యగారూ, ఈతకల్లు" అని పాస్టరు అయ్యగారికి తేల్చి చెప్పాడు. ముట్టని మనిషికి ఆ తేడా ఎట్లా తెలిసిందన్న సందేహం అక్కడున్న ఏడుగురు పెద్దల్లో ఒక్కరికీ రాలేదు.

మంథని దగ్గరి మా పల్లెలో బాపు వరి పండించేవాడు. ముప్పై ఏళ్లుగా ఆదివారం ఆరాధనలో వాక్యపాఠం ఆయనే చదివేవాడు. నెల మొదటి ఆదివారం ప్రభు బల్ల దగ్గర ద్రాక్షరసం పంచే చిన్న గ్లాసుల పళ్లెం పట్టుకునేదీ ఆయనే. ఆ ఏడు నాట్లప్పటి నుంచి ఆయన తీరు మారింది. మోటారు దాకా పోయి, ఎందుకు వచ్చాడో మరిచి తిరిగొచ్చేవాడు. కూర్చున్న చోటే కునికేవాడు. ఒక ఆదివారం ఒకే వచనాన్ని మూడుసార్లు చదివాడు. తర్వాతి వారం బల్ల దగ్గర ఆయన చెయ్యి విదిలించినట్టు జారింది. పళ్లెం పడి, ద్రాక్షరసం తెల్లగుడ్డ మీద ఒలికింది.

ఆరాధన కాగానే పక్కగదిలో విచారణ పెట్టారు.

"నిజం చెప్పు పెదబాపూ, జర తాగినవా?" అన్నాడు కార్యదర్శి.

బాపు, "యాదికొస్తలేదు" అన్నాడు.

దాన్నే ఒప్పుకోలుగా రాసుకున్నారు. మూడు నెలలు బల్లకు దూరం.

గుమ్మం దగ్గర నిలబడ్డ నా తల్లి, అవ్వ, "నలభై ఏండ్ల సంది ఒక్క ఇంట్ల ఉంటున్నం. నాకు రాని వాసన నీకెట్లొచ్చింది కొడుకా?" అంది. ఆడవాళ్లు బయట ఉండాలన్నారు.

వాళ్లను తిట్టి నేను తప్పించుకోలేను. ఆ సాయంత్రమే బాపు నీళ్ల సీసా మూత తీసి వాసన చూశాను. గడ్డివాము కింద కూడా వెతికాను. అదే వారం ఆదివారపు బడిలో పిల్లలకు, దేవాలయంలో పెదవులు మాత్రమే కదుపుతూ ప్రార్థించిన ఒక తల్లిని తాగిందనుకున్న ముసలి యాజకుడి కథ చెప్పాను. పిల్లలు ఆ యాజకుడి పొరపాటుకు నవ్వారు. నేనూ నవ్వాను.

రెండో నెలలో బాపు వాంతులతో మంచాన పడ్డాడు. పెద్దపల్లి మీదుగా కరీంనగర్ తీసుకుపోయాం. రక్తపరీక్ష చూసి డాక్టరు, "కిడ్నీలు ఖరాబైనయ్. రక్తంలకెల్లి పోవాల్సిన మురికి పోతలేదు, మెదడు మీద పడ్డది. మరుపు, చెయ్యి విదిలిచ్చుడు, నోటి వాసన అన్నీ దాంతోనే" అన్నాడు. డయాలసిస్‌తో కొంత తేటపడతాడనీ, ఏళ్ల తరబడి బీపీ మెదడులోని సన్న రక్తనాళాలను దెబ్బతీసినందువల్ల పోయిందంతా తిరిగి రాకపోవచ్చనీ చెప్పాడు.

పెద్దలు బాపు కిడ్నీల కోసం సంఘమంతటితో ప్రార్థన చేయించారు. తమ ముక్కుల కోసం చేయించుకోలేదు.

వారానికి మూడుసార్లు డయాలసిస్ మొదలైన నెలకు అయ్యగారూ కార్యదర్శీ మా ఇంటికి వచ్చారు. బాపు గుర్తుపట్టి కుర్చీలు వేయమన్నాడు.

"మనసుల పెట్టుకోకు పెదబాపూ" అన్నాడు కార్యదర్శి.

"ఏంది పెట్టుకోవద్దు?"

బాపు నిజంగానే మరిచిపోయాడు. కార్యదర్శి ముఖం ఎంత వెలిగిందో చూశాను. పాపం ఇంత సులువుగా కొట్టుకుపోతుందని అతను అనుకుని ఉండడు.

"గట్లెట్ల అన్నా? ఏం చేసిన్రో మొదటి నుంచి చెప్పుండ్రి" అన్నాను.

చెప్పక తప్పలేదు. పళ్లెం, వాసన, మూడు నెలలు. బాపు అంతా విని, "మరి తాగిన్నా నేను?" అని అడిగాడు.

కార్యదర్శి నా వైపు చూశాడు.

"నన్నేం చూస్తవ్? ముక్కు నీదే గదా" అన్నాను.

"తాగలే పెదబాపూ" అన్నాడు తల వంచుకుని.

"అయితే బల్లకు రావచ్చునా?"

రావచ్చని అయ్యగారు అన్నారు.

ఇప్పటికీ నెల మొదటి ఆదివారం బాపు బల్ల ముందు ఆగి, తాగిన్నా అని నన్ను అడుగుతాడు. క్షమించమని ప్రభువు ఆజ్ఞ గనుక క్షమించాను. జవాబు మాత్రం చెప్పను, కార్యదర్శి వైపు చూపిస్తాను. అతను లేచి చెప్పాలి. బాపుకు ఈమధ్య చెవులు కూడా మందగించాయి. సంఘమంతా వినేలా చెబితే తప్ప ఆయనకు వినబడదు.