విలన్‌కి పేరు వెతికే లక్ష్మణసామి

లక్ష్మణసామి రాసిన నాటకంలో విలన్ ఎవరో కనిపెట్టడానికి నాటకం చూడనక్కరలేదు. పాత్రల పట్టీ చదివితే చాలు. నాయకుడు మురుగేశన్, నాయిక ప్రియా, నాయిక తండ్రి పాండియరాజన్, కుటుంబ మిత్రుడు పిడుగుదంతన్.

ఆయన కోవిల్‌పట్టిలో అగ్గిపెట్టెల లేబుళ్లు అచ్చువేసే ప్రెస్సులో పనిచేసి రిటైరయ్యాడు. ఏటా అమ్మవారి జాతరకి ఒక నాటకం రాస్తాడు. నాటకమంతా తమిళంలో ఉంటుంది. విలన్ పేరు మాత్రం ఇంట్లో మాట్లాడే తెలుగులోంచి తీస్తాడు. టైపు చేసేది అక్క కూతురు మారిసెల్వి. బస్టాండు పక్క జిరాక్సు కొట్టులో పనిచెయ్యడం ఆమె ఉద్యోగం, మామ నాటకాలు ఆమె కర్మ.

పోయినేటి నాటకంలో విలన్ డాక్టరు. పేరు తేలుమూట. ఆ వేషం కట్టిన వసంతకుమార్ ఎంతో సాత్వికంగా వచ్చి, నాయిక చేతికి గ్లాసు ఇచ్చి, జ్వరం తగ్గుతుంది తాగమన్నాడు. ముందువరసలో ఒక ముసలావిడ లేచి నిలబడింది.

"తాగొద్దమ్మా. వాని పేరు తేలుమూట."

నాయికకీ ఆ మాట సబబుగా తోచి గ్లాసు కింద పెట్టేసింది. మిగతా మూడు రంగాల్లో ఆడడానికి ఏమీ మిగల్లేదు.

"నేనింకా విలన్ మాదిరి నగనే లేదు మామా, అంతలోనే కనిపెట్టేసిరి," అన్నాడు వసంతకుమార్.

"ఆ పేరు ఎవురికీ లేదు కదా?" అన్నాడు లక్ష్మణసామి.

ఆయన పట్టింపు అదొక్కటే. పేరు తట్టగానే ఓటర్ల జాబితాలు ముందేసుకుంటాడు. ఇరుళప్పన్ అనే పేరు ఆయనకెంతో నచ్చింది. ఇరులు అంటే చీకటే కనుక, ఆ పేరులో అది కావలసినంత ఉంది. కయత్తారులో నలుగురు ఇరుళప్పన్‌లు కనబడేసరికి కొట్టేశాడు. గొడ్డలిమీసం అనే పేరు ఏ జాబితాలోనూ లేదు. కాని కారియాపట్టి సంతలో ఒక మేకల బేరగాణ్ణి అలా పిలుస్తారని విని, బస్సెక్కి వెళ్లాడు.

"అన్నా, నిన్ను గొడ్డలిమీసం అంటారంట, నిజమా?"

"అంటారు. నాటకానికేగదా, పెట్టుకోపా. నాకేం కోపం లేదు."

"నీకు లేదు సరి. నీ పిల్లకాయలకి?"

బేరగాడు ఆలోచనలో పడ్డాడు. లక్ష్మణసామి తిరుగు బస్సులోనే ఆ పేరు కొట్టేశాడు. కేసులకు భయపడుతున్నాడని ఊళ్లోవాళ్లు అనుకున్నారు. పిచ్చి అని మారిసెల్వి అనుకుంది.

ఇలా ఉండగా విరుదునగర్ నాటక సంఘం కార్యదర్శి గోకులకృష్ణన్ ఫోన్ చేశాడు. పదకొండేళ్లుగా లక్ష్మణసామి పంపుతున్న నాటకాల్లో మొదటిసారి ఒకటి నచ్చింది. ఆదివారం పొద్దున సభలో ఆడిస్తారు. ఒకటే షరతు.

"విలన్‌కి మామూలు మనిషి పేరు పెట్టండయ్యా. చివరిదాకా తెలియకూడదు. కొరివినాలుకన్ అంటే ఎవరు నమ్ముతారు?"

"మామూలు మనిషి పేరు మామూలు మనిషిది కదయ్యా," అని లక్ష్మణసామి ఫోన్ పెట్టేశాడు.

మారిసెల్వికి ఒళ్లు మండింది. పదకొండేళ్లు టైపు చేసిన వేళ్లు ఆమెవి. మామకి చెప్పకుండా కొరివినాలుకన్ ఉన్నచోటల్లా ముత్తుపాండి అని మార్చేసింది. పంపబోతూ, ఆ కోపమంతా పక్కన పణియారాల బండి సీనియమ్మాళ్ దగ్గర వెళ్లగక్కింది. సీనియమ్మాళ్ గుంతపొంగణాల్లాంటి ఆ పణియారాలు తిప్పుతూ విన్నది.

"మీ మామ మొదటి నాటకం నీకు తెలవదు. అప్పుడు నువ్వు పుట్టలేదు. అందులో పాయసంలో విసం పెట్టేదాని పేరు సీనియమ్మ."

"నీ పేరా, అక్కా?"

"నేనెవురో ఆయనకి అప్పుడు తెలవదులే. నాటకం బలే ఆడింది. మర్నాటినుండి ఒకరూ నా దగ్గర పణియారం కొనలేదు. ఏళాకోళానికే. విసం ఎంత ఏసినావు సీనియమ్మా అని నగుకుంటా పోతారు. రెండు నెలలు."

"మామకి తెలిసిందా?"

"తెలిసింది. మర్నాడు పొద్దున బస్సులు కదిలే యాళకి వచ్చి, అందరూ చూసేలాగ నిలుచుకొని ఆరు తినె. తిని పోతే పోనీ, అరగంట అట్లే నిలబడె. సావలేదని చూపేదానికి. ఇట్లా ఒక ఏడాది."

"పణియారం అంటే మామకి పడదే."

"పడదు. మొగం చూస్తే నాకే తెలుస్తుండె. అంత కష్టపడి తింటావుంటే, అందులో విసముందేమోనని ఒకరిద్దరికి కొత్తగా అనుమానం వచ్చె కూడా. అయినా బేరం తిరిగింది."

మారిసెల్వి కొట్టులోకి వెళ్లి ముత్తుపాండిని ఉన్నచోటల్లా తుడిచేసింది. సాయంత్రం ఇంటికెళ్లి చెప్పింది.

"మామా, విరుదునగర్ వొద్దులే. నీ కొరివినాలుకన్ ఇక్కడే ఆడనీ."

"పేరు దొరికిందే. నాది పెట్టు."

"లక్ష్మణసామి అని ఇంకా ఎంతమంది లేరు?"

"పదునాలుగు మంది. అందుకే రాసిపెట్టినా, చూడు."

కాగితం మీద విలన్ వివరాలున్నాయి. కోవిల్‌పట్టి, లేబుల్ ప్రెస్సు, రిటైర్డు, ఎడమ చెవికింద పుట్టుమచ్చ. మిగతా పదునాలుగురి మీదికి ఏ మాటా పోకుండా ఆయన తలుపులన్నీ మూసేశాడు. మారిసెల్వి టైపు చేసింది. పుట్టుమచ్చ దగ్గర మాత్రం కళ్లు తుడుచుకుని, ఫ్యాను దుమ్ము అంది.

ఆదివారం విరుదునగర్‌లో చివరి రంగం దాకా ఎవరికీ అనుమానం రాలేదు. వీధివాళ్లందరికీ ప్రేమగా వేరుశనగ మిఠాయి పంచిపెట్టే పెద్దమనిషే అందులో విషం కలిపాడని తెలిసేసరికి సభంతా ఉలిక్కిపడింది. తర్వాత చప్పట్లు కొట్టారు. గోకులకృష్ణన్ రచయితను వేదికమీదికి పిలిచి పేరు చెప్పాడు. చప్పట్లు కొంచెం తగ్గాయి.

మధ్యాహ్నం తిరుగు బస్సులో లక్ష్మణసామి పక్కన కూర్చున్న ఆయన కూడా సభ నుంచే వచ్చాడు. లక్ష్మణసామి సంచిలోంచి మిఠాయి పొట్లం తీసి మర్యాదగా చాపాడు.

"తీసుకోండయ్యా. కోవిల్‌పట్టిది."

ఆయన మిఠాయిని చూశాడు, లక్ష్మణసామి చెవికింద చూశాడు. తినే వచ్చానని చెప్పి లేచి వెళ్లి, డ్రైవరు వెనక కమ్మీ పట్టుకుని నిలబడ్డాడు.

"నాటకం బాగా పట్టింది," అన్నాడు లక్ష్మణసామి, వెనకసీట్లో ఉన్న మారిసెల్వితో. ఖాళీ అయిన సీటు మీద కాళ్లు చాపుకుని, మిఠాయి కొరికి, ఊరొచ్చేదాకా హాయిగా నిద్రపోయాడు.