మూడో మూత

మా నాయినకు వోడ్కా అలవాటు కావడానికి కారణం మా అమ్మే. విస్కీ తాగి వస్తే గడప దగ్గరే పట్టేసేది. వోడ్కా వాసన రాదని ఎవరో చెబితే దానికి మారాడు. మారిన మనిషి ఊరుకోవచ్చు కదా! చప్పగా ఉందని, జహీరాబాద్ బజారులోని తన టైలరు దుకాణంలో, గుడ్డల మూటల వెనక, సీసాలో లవంగాలు, మిరియాలు, దంచిన అల్లం, ఎండుమిరపకాయ వేసి నానబెట్టాడు. ఇంకేముంది, మనిషి ఇంట్లోకి రాకముందే ఘాటు వచ్చేది.

దొరికిపోయాక అమ్మ ఆ సీసాను, తర్వాత ఆయన నానబెట్టి తెచ్చిన ప్రతి సీసాను వంటింటి అలమారలో పెట్టి తాళం వేసుకుంది. రోజుకు రెండు మూతలు, నీళ్లు కలిపి తనే పోసిచ్చేది.

"ఇంకొక్క మూత పొయ్యరాదే."

"మూడోది అడిగితే రెండు గూడ ఉండయి."

రోజూ ఇదే గొడవ. లోపల నవ్వుకుంటూనే ఉండేవాళ్లు, నాకు తెలుసు.

నిరుడు జబ్బు చేసిన నాయినను దవాఖాన నుంచి ఇంటికి తెచ్చాక, డాక్టర్ వద్దన్నాడని అమ్మ ఉన్నదంతా మోరీలో పారబోయబోయింది. ఒక్క మూత ఇచ్చి పారబొయ్యమని ఆయన బతిమాలాడు. ఇవ్వకుండానే పారబోసింది. పది రోజులకు ఆయన పోయాడు. ఇవ్వని ఆ ఒక్క మూత అమ్మను అప్పటినుంచీ తినేస్తోంది.

పెత్రమాసకు, పోయినవాళ్లకు ఇష్టమైనవన్నీ విస్తరిలో పెడతాం. వారం ముందే అమ్మ న్యాల్‌కల్‌లో అత్తగారింట్లో ఉన్న నాకు ఫోన్ చేసింది.

"ఆయన మందు ఆయనకు పెట్టాలె. నీ ఇంటాయనతోని సీసా తెప్పియ్యి."

తెప్పించాను. నాయిన తన పాళ్లు ఎవరికీ చెప్పలేదు. నాకు తెలిసినవన్నీ సగం వోడ్కాలో వేసి నానబెట్టి, మిగతా సగం విడిగా ఉంచి, పండుగ ముందురోజు రెండూ తీసుకెళ్లాను. చుక్క నాలుక మీద వేసుకుంటే గొంతు దాకా మండింది. కుదిరిందన్నాను. అమ్మ వాసన చూసి తల అడ్డంగా ఊపింది.

"ఇది కాదు. దాల్చినచెక్క లేదు. లవంగం జాస్తయింది."

"జన్మల తాగనిదానివి, నీకెట్ల తెలుసు?"

"పక్కకే పండెటోడు గద బిడ్డా. పదిహేనేండ్లు ఆ వాసన్లనే నిద్రపోయిన. ఇప్పుడు నిద్ర పడ్తలేదు."

అమ్మ లవంగాలు ఏరేసి, చెక్క దంచి వేసి, మిగిలిన ఉత్త వోడ్కా కలిపింది. మర్నాడు పొద్దున మళ్లీ వాసన చూసి, కొంగుతో కళ్లు తుడుచుకుని, "ఇగో, వచ్చిండు" అంది.

విస్తరిలో జొన్నరొట్టె, మటన్ కూర పెట్టాం. పక్కన ఆయన స్టీలు గ్లాసు. అమ్మ కొలిచి పోసింది. ఒకటి, రెండు. నీళ్లు కలిపి సీసా బిగించింది.

"ఇస్త, ఆగు" అంది, ఎదురుగా ఎవరో అడిగినట్టే.

సీసా తెరిచి మూడో మూత పోసింది. దానికి మాత్రం నీళ్లు కలపలేదు.