వేడి చేసిందన్నారు

మా అన్నయ్యకు వైద్యం చేసిన డాక్టరుగారు విజయవాడలో పేరున్న మనిషి. పెద్దపేగు చివర్లో వచ్చే క్యాన్సర్ మీద పరిశోధన కూడా చేస్తారు. ముందు రేడియేషన్ కరెంటు పెట్టి, కీమో ఇచ్చి, ఆ తరవాత ఆపరేషన్ చేస్తే రోగులు ఎలా కోలుకుంటున్నారో చెబుతూ ఆయన రాసిన వ్యాసం విదేశీ పత్రికలో అచ్చయింది. ఆ రోగుల్లో మా అన్నయ్య ఒకడు. చెకప్‌కి వెళ్లినప్పుడు ఒక కాపీ ఆయనే చేతికిచ్చారట. అన్నయ్య దాన్ని కొత్త చీరలా మడత నలగకుండా ఇంటికి తెచ్చుకున్నాడు.

అన్నయ్య నేతపని చేసేవాడు. ఇప్పుడు, మలం పోవడానికి ఆపరేషన్లో పొట్ట మీద పెట్టిన సంచితో మగ్గం గుంటలో కూర్చోలేడు, పక్కన నూలు కండెలు చుడుతున్నాడు. నేను హైస్కూల్లో ఇంగ్లీషు చెబుతాను. ఆదివారం వెళితే ఆ కాగితాలు నా ముందు పెట్టి, తన గురించి ఏం రాశారో తెలుగులో చెప్పమన్నాడు. వదిన కూడా తడిచేతులు తుడుచుకుంటూ వచ్చి కూర్చుంది.

వైద్యం సంగతులు చదువుతున్నంతసేపూ బాగానే ఉంది. ఆ వైద్యం వల్లే మా అన్నయ్య బతికి నా ఎదురుగా కూర్చున్నాడు, కాదనను. చివరి పేజీలో నా నోరు ఆగిపోయింది. ఈ ప్రాంతపు రోగులు అజ్ఞానం వల్ల, అశ్రద్ధ వల్ల జబ్బు బాగా ముదిరాక వస్తున్నారని, అందుకే చాలామందికి జీవితాంతం సంచి తప్పడం లేదని రాశారు. ఆపేశావేమని అన్నయ్య అడిగితే అదీ చదివాను.

అన్నయ్య తలూపాడు. "నిజమే గదే. నేనే లేటు చేశా."

నాకు ఒళ్లు మండిపోయింది.

ఎవరు లేటు చేశారు? దొడ్డికెళ్లినప్పుడు నెత్తురు కనపడగానే మా ఊళ్లో ఆరెంపీ డాక్టరు దగ్గరికి వెళ్లాడు. వేడి చేసిందన్నాడాయన. మాకు అన్నీ వేడే. కళ్లు మండితే వేడి, నోరు పూస్తే వేడి, నెత్తురు పడినా వేడే. సబ్జా గింజలు, మజ్జిగ, బార్లీ నీళ్లు. తగ్గకపోతే ఉయ్యూరులో పెద్ద చదువు చదివిన డాక్టరుకు చూపించుకున్నాడు. పొద్దస్తమానం మగ్గం మీద కూర్చుంటావు కాబట్టి మొలలేనని ఆయన ట్యూబు రాసిచ్చాడు. ఆ తరవాత విజయవాడలో, ఊరంతా గోడల మీద ప్రకటనలు రాయించుకునే మొలల ఆసుపత్రి. అక్కడా కుర్చీలోంచి లేవకుండానే మందులు రాశారు. వాళ్లు చెప్పినవన్నీ అన్నయ్య తాగాడు, మింగాడు, రాసుకున్నాడు. వేసవిలో మొదలైన నెత్తురు చలికాలానికీ ఆగలేదు. ఇదా అశ్రద్ధ?

తరవాతి చెకప్‌కి నేనూ బయలుదేరాను. ప్రాణం పోసిన మనిషిని ఏమీ అనమాకని అన్నయ్య దారంతా బతిమాలాడు.

డాక్టరుగారు మర్యాదగా కూర్చోమన్నారు. ఆ వాక్యం చూపించాను. అది మీ అన్నయ్యగారి ఒక్కరి గురించి కాదని, పరిశోధనలో అలాగే రాస్తామని ఓపిగ్గా చెప్పారు. అయినా మన జనం నెగ్లెక్ట్ చేస్తారు కదమ్మా అన్నారు.

"మీ దగ్గరికి రాకముందు ఎక్కడెక్కడ చూపించుకున్నాడో ఎప్పుడైనా అడిగారా అండీ?" అన్నాను. నా గొంతు లేచింది. నర్సు తలుపు తీసి చూసింది.

ఆయన అన్నయ్య వైపు తిరిగి, అంతకుముందు ఎవరూ మలద్వారంలో వేలు పెట్టి పరీక్ష చేయలేదా అని అడిగారు. చెల్లెలి ముందు ఆ మాటకు అన్నయ్య తల దించుకున్నాడు. తల ఎత్తకుండానే చెప్పాడు.

"లేదండి. నన్ను బల్లెక్కి పడుకోమన్నది మొదట మీరేనండి."

డాక్టరుగారు ఆ పేజీ మళ్లీ చదువుకున్నారు. అచ్చయిపోయిందమ్మా అన్నారు చివరికి. ఈసారి రాసేటప్పుడు అని మొదలుపెట్టి, మధ్యలో ఆపేశారు. నేను ఆయన్ను ఆదుకోలేదు.

తిరుగు బస్సులో అన్నయ్య కిటికీ వైపు తిరిగి కూర్చున్నాడు. నామీద అలిగాడనుకున్నాను. ఉయ్యూరులో బస్సు ఆగినప్పుడు, ట్యూబు రాసిచ్చిన డాక్టరు బోర్డు కిటికీలోంచి కనపడింది. అన్నయ్య చొక్కా కింద సంచి సర్దుకుంటూ దానివంకే చూశాడు.

"ఒక్క వేలు పెట్టి చూసుంటే అప్పుడే తెలిసిపోయేది గదే," అన్నాడు. "దొంగ నా కొడుకులు."

మా అన్నయ్య నోట తిట్టు వినడం నాకదే మొదలు. ముందు సీటావిడ వెనక్కి తిరిగి చూసింది. చూడనీ అనుకున్నాను.