రెండు చేతులెత్తినా ఆగని సొరచేప

ఆ రోజుల్లో మా ఖరగ్‌పూర్ రైల్వే కుర్రాళ్లకు ఒక గట్టి నమ్మకం ఉండేది. జెండా దగ్గర లేనప్పుడు రెండు చేతులూ నెత్తి మీదికి నిటారుగా ఎత్తి నిలబడితే ఎంతటి ఇంజనైనా ఆగి తీరాలి. ప్రమాదం ఉందని చెప్పడానికి శిక్షణలో మాకు మొట్టమొదట నేర్పిన సంకేతం అది. పట్టాలు మార్చే పాయింట్స్‌మన్‌గా చేరి ఏడాదైనా నిండని నేను, చేతులెత్తితే రైలేమిటి, సూర్యుడు కూడా ఆగుతాడన్నంత ధీమాగా తిరిగేవాణ్ణి. సముద్రంలో ఆ పాఠం ఎవరూ చదువుకోలేదన్న సంగతి అప్పటికి నాకు తెలియదు.

నా మోకాలి కింద జానెడు మచ్చ ఉంది. మా ఊళ్లోని ఖరిదా బజారు టీకొట్టులో దాన్ని చూపించి, అండమాన్‌లో సొరచేప కరిచిందని చెబుతూ నలభై ఏళ్లు ఉచితంగా టీ తాగాను. మొదట్లో ఆ చేప నులకమంచమంత ఉండేది. నేను రిటైరయ్యేనాటికి గూడ్స్ వ్యాగనంత అయింది. "పళ్లు ఎన్ని వరసలు దాదా?" అని అడిగేవాళ్లు. (వినేవాళ్ల కళ్లు ఎంత పెద్దవైతే అన్ని వరసలు.) ఈమధ్య మా మేడ మీద అద్దెకు దిగిన పిల్ల, ఇక్కడ ఇంజనీరింగ్ చదవడానికి వరంగల్ నుంచి వచ్చింది, ఆ మచ్చను ఓ నిమిషం పరీక్షగా చూసి, "పంటిగాటు ఇట్లుండదు తాతగారూ, ఇది గీరుకుపోయిన మచ్చ" అంది. నలభై ఏళ్ల కథ ఒక్క ముక్కతో పట్టాలు తప్పింది. కాబట్టి ఇప్పుడు చెప్పేది నిజం.

మా చిన్నాన్న అండమాన్‌లో మనుషులు కాపురముండని ఓ చిన్న దీవి దగ్గర అటవీశాఖ వాళ్ల పడవ నడిపేవాడు. పక్షులకూ చేపలకూ పగడాలకూ వదిలేసిన దీవి అది. రోజుకూలీ మీద ఆ పడవ ఆయన చేతికొచ్చి ఆర్నెల్లే అయింది. సెలవు పెట్టి వెళ్లిన నన్ను, పై వాళ్లకు చెప్పకుండా, ముచ్చట తీరుద్దామని ఎక్కించుకున్నాడు. ఊపిరి గొట్టం నా నోట్లో పెడుతూ అన్నాడు: "ఒరే, కళ్లతో సూడు. కాలు మాత్రం కింద ఎట్టకు. ఆ పగడం రాయి కాదురా, పేనమున్నది. నా పడవలో ఒచ్చినోడు దాని మీద నిలబడినాడంటే రేంజరుబాబు పడవ లాగేసుకుంటాడు. ఇద్దరాడపిల్లలున్నారు నాకు, గేపకముంచుకో."

"నాకు ఈత నేర్పాలేటి సిన్నాన్నా!" అన్నాను. (నేను ఈదింది లోకో షెడ్డు వెనక తొట్టిలో. నీళ్లు నడుం దాకా.)

నీటిలో తల పెట్టగానే ముందు చెవులకు భయం వేసింది. చిటపట, చిటపట, పెనం మీద ఆవాలు పేలినట్టు నలువైపులా చప్పుడు. సముద్రం అలా పళ్లు కొరుకుతుందని నాకెవరూ చెప్పలేదు. కింద జింక కొమ్ముల్లాంటి పగడాలు, మెదడు ముద్దల్లాంటి పగడాలు. ఓ ఆకుపచ్చ చేప చిలకముక్కుతో వాటిని కరకర నములుతోంది. బిందెంత ఆల్చిప్ప ఒకటి, నా నీడ పడగానే నీలి పెదాలు బిగించింది. అందంగా ఉందా అంటే ఉంది. కానీ అక్కడున్న ప్రతిదానికీ నోరుంది, అన్ని నోళ్లూ నా వైపే ఉన్నాయి. అంతలో నా పిక్కను ఏదో కొరికింది. "ప్రభువా!" అన్నాను, గొట్టంలోంచి "గుబ్" అని మాత్రం వచ్చింది. మళ్లీ కొరికింది. వెనక్కి చూస్తే పొడుగాటి నల్లని నీడ, తొందర లేకుండా, తిన్నగా నా మీదికే వస్తోంది.

నేను నిలబడ్డాను. కాలి కింద పగడపు కొమ్మ అప్పడం విరిగినట్టు విరిగింది, కాలు దిగబడి మోకాలి కింద చర్మం లేచిపోయింది. రక్తం. రక్తం వాసనకి సొరలొస్తాయని విన్నది అప్పుడే గుర్తుకు రావాలా! రెండు చేతులూ నిటారుగా ఎత్తాను. నీడ ఆగలేదు.

"దిగరా సచ్చినోడా! దిగు!" పడవలోంచి చిన్నాన్న కేక.

గొట్టం పీకి, "సొర! సొర సిన్నాన్నా!" అని అరిచాను.

"అది నా పడవ నీడరా ఎదవా! కరుత్తున్నది నీ కాలికాడున్నాది, సూడు!"

చూశాను. వేలెడంత చేప. నారింజ రంగు, తెల్ల పట్టీలు. మెత్తటి వేళ్లు ఊపుతున్న ఓ సముద్రపు పువ్వు దాని ఇల్లు. నేను ఇంటి గుమ్మంలో నిలబడ్డానని నా పిక్క మీదికి మళ్లీ మళ్లీ దూకుతోంది.

చిన్నాన్న నన్ను పడవలోకి లాగేసరికి రేంజరు పడవ రానే వచ్చింది. చేతులెత్తిన మనిషి ఎంత దూరానికైనా కనిపిస్తాడు కదా, మా శిక్షణలో ఆ ముక్క నిజమే. "కౌన్ ఖడా థా ఉధర్?" అని, పగడం మీద నిలబడిందెవరని అడిగాడాయన. నేను భయానికి గొట్టం మళ్లీ నోట్లో పెట్టుకున్నాను.

"మై థా సాహెబ్. ఇంజన్ అటక్ గయా, ధకేల్నే ఉత్రా" అన్నాడు చిన్నాన్న, నిలబడింది తనేనని, ఇంజను ఆగిపోతే దిగి పడవను తోశానని. ఆయన లుంగీ మీద చుక్క తడి లేదు. రేంజరు ఆ పొడి లుంగీని చూశాడు, నా కాలి రక్తం చూశాడు, నా ముఖం వైపు చూసి, నువ్వేమంటావన్నట్టు గడ్డం ఎగరేశాడు. (టీకొట్టు కథలో నేను ఇక్కడ ఛాతీ విరిచి, "నేనే సార్" అంటాను.) గొట్టం తియ్యలేదు నేను.

చిన్నాన్న చేతిలోంచి పడవ పోయింది. నేనున్న మిగతా రోజులన్నీ ఆయన జెట్టీ మీద ఎండుటాకులు ఊడ్చాడు. నేను ఓడ ఎక్కేటప్పుడు, "నువ్వు ఇరిసిన కొమ్మని ఆర్నెల్లుగా సూత్తన్నానురా. ఇంతే పెరిగినాది" అని రెండు వేళ్లు చూపించాడు.

ఇదంతా చెప్పాక మేడ మీది పిల్ల ఫోనులో ఓ వీడియో వెతికి నా ముందు పెట్టింది. అదే నారింజ రంగు. "ఇదేనా తాతగారూ వ్యాగనంత సొరచేప?"

"ఇదేనమ్మా."

చేప తన ఇంటి ముందు నిలబడి కెమెరా మీదికి దూసుకొచ్చింది. పిల్ల పకపకా నవ్వితే, ఎందుకా అని చూసుకున్నాను. నా రెండు చేతులూ నిటారుగా నెత్తి మీద ఉన్నాయి. "నేనే సాహెబ్" అన్నాను పైకే, నోట్లో గొట్టం లేదు కదా అని. పిల్లకు అర్థమైంది. చేప మాత్రం ఈసారీ ఆగలేదు.