దారి అడగకుండా వచ్చినవాడు

వసంతప్ప మా పెద్దమ్మ కూతురు, నాకు అక్క. టెక్కలిలో మొగుడు గౌరీశంకర్ మోచెయ్యి విరగ్గొడితే, కట్టు విప్పిన మర్నాడే కట్టుబట్టలతో మా ఇంటికి వచ్చేసింది. ఏడు నెలలుగా ఇక్కడే దాక్కుంది.

మా ఇల్లు ఉద్దానంలో, జీడితోటల మధ్య. నంబరు లేదు, వీధి లేదు. కొత్తవాళ్లు రావాలంటే నాలుగుచోట్ల ఆగి అడగాల్సిందే. అందుకే మా అమ్మ వరహాలమ్మ చుట్టుపక్కల తోటలవాళ్లందరికీ చెప్పి ఉంచింది, ఎవరడిగినా వసంత ఇక్కడ లేదనమని. రెండుసార్లు అతని మనుషులు వచ్చి, కొబ్బరికాయలు దింపేవాళ్లను అడిగి, ఉత్త చేతులతో తిరిగిపోయారు.

అప్పకు ఉన్నది ఒకటే ఆశ, కానిస్టేబుల్ ఉద్యోగం. "ఆ బట్టలేసుకుంటే ఆడు నా జోలికి రాడే," అనేది. రోజూ తెల్లవారుతూనే మా బావి దగ్గర బయలుదేరి సముద్రం దాకా పరుగెత్తి, మళ్లీ బావి దగ్గరే ఆగేది. ఎడమ చెయ్యి పూర్తిగా చాపలేక పొట్టకు ఆనించుకుని పరుగెత్తేది. ఎంత దూరం, ఎంతసేపు అన్నది ఫోనులో ఒక యాప్ చూపేది. సిమ్ము మార్చింది గానీ యాప్‌లో ఖాతా పాతదే ఉంచింది. పెళ్లికి ముందు నుంచీ తన పరుగులన్నీ అందులోనే ఉన్నాయి.

"ఎంత మెరుగయ్యానో తెలవాలి కదే," అంది.

ఆ ఖాతాలో స్నేహితుల జాబితాలో బావ గౌరీశంకర్ కూడా ఉన్నాడు. ఆ సంగతి అప్పకు గుర్తే లేదు. పక్కన కూర్చుని చూసే నాకూ తట్టలేదు.

పరీక్ష పన్నెండు రోజులుందనగా ఓ పొద్దున మోటారు సైకిలు మూడు తోటలు దాటి, ఎక్కడా ఆగకుండా మా వాకిట్లోకి వచ్చింది. బావ దిగాడు.

"ఏటత్తా, నీ అక్క కూతురు కనపడలేదని ఏడిసినావు కదా?"

"ఇక్కడెవులూ లేరు నాయనా," అంది అమ్మ.

"ఇప్పుడుండదులే. ఆరున్నరకి వత్తాది. కూకుంటాను."

బావి గట్టు మీద కూర్చుని, "ఈ పాత యాపు రాత్రే తెరిసి సూసినాను," అంటూ ఫోను చూపించాడు. మా తోట పటం మీద ఎర్ర గీతలు. ఏడు నెలల గీతలన్నీ వచ్చి బావి దగ్గరే ముడిపడ్డాయి. ఇంకా పావుగంట టైముంది.

"ఏటే మరదలా, బావొత్తే మంచినీళ్లియ్యవా?"

"తాగేనీళ్లు అయిపోనాయి బావా. ట్యాంకు కాడికెల్లి తెత్తాను."

"నూతి మీద కూకోబెట్టి నీళ్లు లేవంటావేటే!"

"ఈ నీళ్లు ఎవులు తాగుతారు? కిడ్నీలు పోవా?"

అతను నవ్వి మళ్లీ ఫోను చూసుకున్నాడు. క్యాను పట్టుకుని మలుపు దాకా నడిచి, అక్కడ పడేసి పరుగెత్తాను. మొగలిపొదల దగ్గర అప్ప ఎదురైంది.

"ఆడొచ్చాడప్పా! బావి మీద కూకున్నాడు!"

"ఎవులు సెప్పారు?"

"నువ్వే. నీ ఫోనే సెప్పింది."

అప్ప ఇసుకలో కూలబడింది. "నా హాల్‌టికెట్టు ఇంట్లో ఉందే," అంది. లేచి ఇంటివైపు రెండడుగులు వేసింది. నేను కుడిచెయ్యి పట్టుకుని వెనక్కి లాగాను. "పన్నెండు రోజులేనే," అని గొంతు తెగినట్టు ఏడ్చింది. అయినా నేను వదల్లేదు.

తోటల్లో పడి పూండి స్టేషనుకు చేరాం. అప్ప ఫోను ఆపి నా చేతిలో పెట్టింది. నా చున్నీ తీసి తన తలమీదుగా కప్పాను. బండి కూత వినపడింది.

"ఎక్కడికెల్తానో సెప్పనా?"

"సెప్పకప్పా. ఆడు కొట్టి అడిగితే నాను సెప్పేత్తాను."

అప్ప నా ముఖంలోకి చూసి తల ఊపింది. బండి ఏ వైపు నుంచి వస్తోందో కూడా చూడకుండా నేను స్టేషను బయటికి వచ్చేశాను.