ఎవరైనా, దేనికైనా

మా ఆయనకు ఆబిడ్స్‌లో కంప్యూటర్లు బాగుచేసే దుకాణం ఉండేది. బాగుచేసిన ప్రతి మెషీన్ లోపల తన ఫోన్ నంబరున్న చీటీ అతికించేవారు. అక్కడ అందరూ చేసేదే. మళ్లీ పాడైతే తమ దగ్గరికే వస్తారని.

ఇంట్లో మాత్రం ఆయన వాడింది ఎవరూ పేరు వినని ఒక చిన్న ఆపరేటింగ్ సిస్టమ్. ఎక్కడెక్కడి వాళ్లో తీరిక వేళల్లో కలిసి రాసి, ఉచితంగా పంచేది. అందులో కెమెరాను నడిపే భాగం మా ఆయన రాశారు. దుకాణం అలవాటు కొద్దీ దాని మొదట్లోనూ తన నంబరు పెట్టారు. కింద ఒక వాక్యం రాశారు: దీన్ని ఎవరైనా, దేనికైనా వాడుకోవచ్చు.

"మీ పెండ్లికి వచ్చినంత మంది గూడ దాన్ని వాడరు వదినా," అనేవాడు పక్క దుకాణం ఆయన.

"మంచిదే. తిట్లు తక్కువ వస్తయి," అనేవారు మా ఆయన.

ఆయన పోయి ఏడాది దాటింది. నేను లైబ్రరీలో పనిచేసి రిటైరయ్యాను. నాంపల్లిలోని ఇంట్లో ఆయన కంప్యూటర్ మీదే చదువుకుంటాను. ఆయన ఫోన్ నా దగ్గరే ఉంది.

వేసవిలో ఒక మధ్యాహ్నం దానికి ఫోన్ వచ్చింది. గంటలో ముప్పై ఏళ్ల మనిషి ఇంటికి వచ్చాడు. కెమెరా భాగం మొదట్లో ఉన్న నంబరు చూసి చేశానన్నాడు. మా ఆయన లేరని చెప్పాను.

"వేడెక్కితే కెమెరా బొమ్మ జర సేపు ఆగుతున్నది అమ్మా. సరిచేస్తున్న అని సార్ అప్పట్ల మెయిల్ రాసిన్రు. బయట ఎక్కడ పెట్టలే. మీ కంప్యూటర్ల ఉంటది."

ఉంది. ఆసుపత్రికి వెళ్లే ముందు వారమే పూర్తి చేశారు. ఎందుకు పంపలేదో నాకు చెప్పలేదు.

"కెమెరా దేనికి పెట్టిన్రు?"

"డ్రోన్‌కు."

"అదేం మోస్తది?"

అతను నీళ్ల గ్లాసు వైపు చూశాడు. "మేం తయారుచేసి అమ్ముతం. కొన్నోళ్లు యుద్ధంల ఉన్నరు."

"అయితే ఇయ్యను."

"ఎవరైనా, దేనికైనా అని సారే రాసిన్రు గదమ్మా."

"ఆయన రాసిన్రు. నేను రాయలే."

అతను లేవలేదు. స్టేషన్ వైపు నుంచి మైకులో ఏదో రైలు గురించి చెబుతున్నారు. అది అయ్యేదాకా ఆగి, మెల్లగా అన్నాడు:

"ఇయ్యకుంటే ఆగదు అది. ఇప్పుడు గూడ ఎగురుతనే ఉన్నది. బొమ్మ ఆగితే గురి తప్పి, పక్కింటి మీద పడుతది."

"అనుకున్న ఇంట్ల ఎవరుంటరు?"

"గది మాకు చెప్పరమ్మా."

గురి తప్పని ఆయుధం తక్కువ పాపమా అన్న వాదనలు రెండు వైపులా చదివినదాన్ని. పుస్తకం మూసి లేచిపోగలిగాను కాబట్టి అప్పుడు రెండూ సబబుగానే తోచాయి. ఇప్పుడు ఎదుట మనిషి కూర్చుని ఉన్నాడు. ఇవ్వనని మళ్లీ చెప్పాను. నమస్తే చెప్పి వెళ్లిపోయాడు.

అతను వెళ్లాక ఆ ఫైలు తెరిచాను. నిండా ఒక పేజీ కూడా లేదు. యుద్ధానికని తెలిసే ఆపేశారా, లేక ఒంట్లో ఓపిక లేక పంపలేదా? తెలిసే ఆపి ఉంటే, నేను చెప్పింది ఆయన మాటే. లేకపోతే ఆ పక్కింటి భారం పూర్తిగా నాది.

అతను మళ్లీ ఫోన్ చేయలేదు. ఇంకెవరైనా సరిచేశారో, కొన్నవాళ్లకు ఆ అవసరమే లేకపోయిందో. రోజూ పొద్దున పేపర్లో యుద్ధం వార్త ఆఖరు దాకా చదువుతాను. ఇల్లు కూలిందని రాస్తారు. అది అనుకున్న ఇల్లో, పక్కిల్లో రాయరు.