మొదటి ట్యాబులోని అమ్మాయి

మా పిన్నికి రేపల్లె రైల్వే స్టేషను రోడ్డులో చిన్న నెట్ సెంటర్ ఉంది. రెండు కంప్యూటర్లు, ఒక ప్రింటర్, గోడకి చప్పుడు చేసే ఫ్యాను. అక్కడికి వచ్చేవాళ్ళు ఆధార్ కార్డు, మార్కుల మెమో ఆవిడ చేతిలో పెట్టి, ఓటీపీ వస్తే చూసుకోమని ఫోను కూడా ఆవిడ బల్ల మీదే వదిలేసి, టీ తాగొస్తామని వెళ్ళిపోతారు. ఆ నమ్మకమే ఆవిడ వ్యాపారం. అది పోతే మిగిలేది ఇనప సామాను. ఈ మాట ముందే ఎందుకు చెబుతున్నానంటే, ఆ నమ్మకానికి నిప్పు పెట్టింది నేను ఉద్యోగం చేసే ఆఫీసే. తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

నేను తెనాలిలో ఒక చిన్న కంపెనీలో వెబ్‌సైట్లకి కోడ్ రాస్తాను. పొద్దున్నే రేపల్లెలో రైలెక్కి వెళ్ళి, సాయంత్రం రైల్లో తిరిగొస్తాను. బాపట్లలో నర్సింగు సీట్లు కేటాయించే ఒక ప్రైవేటు సంస్థకి మా ఆఫీసు సైటు తయారుచేసింది. దాన్ని రాసింది మా సారు. తన కోడ్‌లో ఎవరైనా వేలు పెడితే ఆయనకి గిట్టదు. పాతికేళ్ళ అనుభవం అంటారు మాటకి ముందొకసారి, మాటకి వెనకొకసారి.

ఆ సైటు సంగతి కొంచెం చెప్పాలి. మొదటి పేజీలో దరఖాస్తు నంబరు, పుట్టిన తేదీ కొట్టి బటన్ నొక్కుతారు. సర్వర్ అవి సరిచూసి మిమ్మల్ని రెండో పేజీకి తోస్తుంది. ఏ కాలేజీ కావాలో అక్కడ ఎంచుకోవాలి. గొడవంతా ఈ తోయడంలోనే ఉంది. సర్వర్‌కి మహా మతిమరుపు. మొదటి పేజీలో వేరియబుల్ అనే చీటీలో రాసి పెట్టుకున్న నంబరు రెండో పేజీ తెరుచుకునేసరికి దానికి గుర్తుండదు. వచ్చింది ఎవరో మళ్ళీ చెప్పుకోవాల్సిందే. ఆ నంబరుని అడ్రసు చివర తగిలించి పంపొచ్చు, పేజీలోనే కనబడకుండా పెట్టి పంపొచ్చు, లేదంటే సెషన్ అనే పెట్టెలో పడేసి వెళ్ళొచ్చు. మా సారు సెషన్‌లో పడేశారు. అందరూ చేసే పనే, తప్పు కాదు. కాని ఆ పెట్టె ట్యాబుకి ఒకటి చొప్పున ఉండదు, బ్రౌజర్ మొత్తానికీ ఒక్కటే. అందులో ఆయన అభ్యర్థి నంబరు కోసం ఒకే ఒక్క అర పెట్టారు. రెండో ట్యాబులో ఇంకొకరి నంబరు కొట్టగానే మొదటివాళ్ళ నంబరు చెరిగిపోతుంది.

ఇది నేను ముందే చెప్పాను. ఒకే కంప్యూటర్లో ఇద్దరికి పెడితే కలిసిపోతాయి సార్ అన్నాను. ఆయన నవ్వారు. ఈ రోజుల్లో ఎవరి ఫోను వాళ్ళకి ఉండగా రెండు ట్యాబులు ఎవడు తెరుస్తాడని అడిగారు. మీరు ఏ దేశంలో ఉంటున్నారు సార్ అని నోటిదాకా వచ్చింది. కిటికీలోంచి చూస్తే ఎదురుగుండా ఉన్న నెట్ సెంటర్ ముందు జనం మెట్ల మీద కూర్చుని ఉన్నారు. ఆయన కుర్చీ మాత్రం గోడ వైపుకి ఉంటుంది.

రెండు ట్యాబులేంటి, మా పిన్ని ఎన్ని కావాలంటే అన్ని తెరుస్తుంది. సీట్ల సైటు తెరిచిన పొద్దున అది నత్తలాగా నడుస్తుంది. అందుకని వచ్చినవాళ్ళందరి నంబర్లూ వరసగా కొట్టేసి, ఒక్కొక్కరికి ఒక్కో ట్యాబు తెరిచి పెట్టుకుంటుంది. రేపల్లె బస్టాండులో బస్సు ఆగకముందే కిటికీలోంచి తువాలు వేసి సీటు ఆపినట్టే. ఆ తర్వాత మొదటి ట్యాబు దగ్గర నుంచి ఒక్కొక్కటే నింపుకుంటూ వస్తుంది. చుట్టుపక్కల నెట్ సెంటర్లన్నీ చేసేది ఇదే.

ఆ రోజు ఆ కంప్యూటర్లో తెరిచినవి రెండే ట్యాబులు. మొదటి ట్యాబులో ఉన్నది బజారులో బట్టలు కుట్టే, ఊరంతా బాబాయ్ అని పిలిచే టైలర్ గారి కూతురు. వాళ్ళమ్మకి పక్షవాతం. పొద్దున నీళ్ళు పోసి, అన్నం తినిపించి, సాయంత్రానికి మళ్ళీ ఇంటికి చేరాలి ఆ పిల్ల. తెనాలి కాలేజీ అయితే రైల్లో వెళ్ళి రావచ్చు. హాస్టల్లో ఉండాల్సి వస్తే చదువు మానేయడమే. ఈ సంగతి మా పిన్నికి తెలుసు. తెనాలి ఒక్కటే పెట్టింది. రెండో ట్యాబులో మాకు దగ్గర చుట్టాలు, రైసుమిల్లు వాళ్ళ అమ్మాయి. ఆ పిల్లా తెనాలే కోరుకుంది. రెండు ట్యాబుల్లోనూ పచ్చటి అక్షరాలతో ‘మీ ఎంపిక నమోదైంది’ అని వచ్చింది.

నమోదైంది, నిజమే. ఎవరి పేరు మీద అన్నదే ఆ సైటు చెప్పలేదు. మొదటి ట్యాబులో సేవ్ నొక్కేసరికి పెట్టెలో ఉన్నది మిల్లు వాళ్ళమ్మాయి నంబరు. టైలర్ గారి అమ్మాయి ఎంపిక వెళ్ళి ఆ నంబరు కింద పడింది. దాని మీద మిల్లు వాళ్ళమ్మాయి ఎంపిక పడింది. టైలర్ గారి అమ్మాయి నంబరు కింద ఏమీ లేదు. ఏమీ ఎంచుకోనివాళ్ళకి మిగిలిన సీట్లు ఇస్తారు. ఆ పిల్లకి బాపట్లలో హాస్టల్ సీటు ఇచ్చారు. మిల్లు వాళ్ళకి తెనాలి వచ్చింది.

ఇక చూడండి. ఒకే పొద్దున, ఒకే కంప్యూటరు, పేదవాడి పిల్లకి బాపట్ల, చుట్టాల పిల్లకి తెనాలి. ఊరు ఊరుకుంటుందా? బాబాయ్ వచ్చి పిన్నిని ఒక్క మాట కూడా తూలలేదు. తెనాలి పెట్టమన్నాను కదండి అని మాత్రం అన్నాడట. పెట్టానని పిన్ని ఒట్టేసింది. ఆయన హెల్ప్‌లైన్‌కి ఫోను చేస్తే, మీ నెట్ సెంటర్ వాళ్ళు పెట్టి ఉండరు, వాళ్ళనే అడగండి అన్నారు. ఆ జవాబు నేర్పింది మా సారు. ఫోను ఎత్తే అమ్మాయిలు నా పక్క బల్ల దగ్గరే కూర్చుంటారు. ఈపురుపాలెం నుంచి ఎవరో ఇలాగే మొత్తుకుంటే వాళ్ళకీ అదే మాట చెప్పడం నా చెవులతో విన్నాను.

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. సారుని పిలిచి, నా కంప్యూటర్లో రెండు ట్యాబులు తెరిచి, రెండు ఉత్తుత్తి నంబర్లు కొట్టి, ఆయన కళ్ళ ముందే కలిపేసి చూపించాను.  సరేగాని చప్పుడు చెయ్యకుండా సరిచెయ్యి అన్నారు. నంబరు ప్రతి పేజీతో పాటే వెళ్ళేట్టు, అది ఆ బ్రౌజర్లో తెరిచిన నంబరు కాకపోతే సర్వర్ ఒప్పుకోకుండా ఉండేట్టు మార్చాను. సాయంత్రం రైలు వేళకి అయిపోయింది. అంత చిన్న పని! దాని కోసం ఒక పిల్ల చదువు, ఒక మనిషి పేరు బజారున పడ్డాయి.

మరి బాపట్ల వాళ్ళకి తప్పు మనదని చెబుదామన్నాను.

“చెబితే రేపు మనకి పనెవరిస్తారమ్మా?” అన్నారు సారు.

మర్నాడు నేను ఆఫీసుకి సెలవు పెట్టి బాపట్ల వెళ్ళాను. అక్కడి మేడం ఓపికగా విన్నారు. సర్వర్‌లో మిగిలిన జాడలు చూపిస్తే ఆవిడకి అర్థమైంది. రెండో విడతలో ఆ అమ్మాయికి తెనాలి సీటు ఇచ్చారు. అంతవరకు సంతోషమే. కాని మేడం సంజాయిషీ అడిగితే మా సారు ‘సాంకేతిక కారణాల వల్ల’ అని రాసి చేతులు దులుపుకున్నారు. టైలర్ బాబాయ్‌కి వెళ్ళిన మెసేజీలో ఆ మూడు ముక్కలే ఉన్నాయి. నెట్ సెంటర్ తప్పేమీ లేదన్న ఒక్క మాట లేదు. ఆ మాట వేస్తే ఆయన సొమ్మేం పోయేదో!

ఇప్పుడు ఊరికి ఇంకో కథ దొరికింది. దొరికిపోయింది కాబట్టి సైటు ఆఫీసులో పనిచేసే అక్క కూతుర్ని పట్టుకుని సరిచేయించింది అన్నారు. అంటే నేను బాపట్ల వెళ్ళి నిజం చెప్పడమే మా పిన్ని తప్పుకి సాక్ష్యమైంది. ఎవరి గొంతు పట్టుకోవాలో తెలియక ఏడుపొచ్చింది నాకు.

ఊరుకోలేక బాబాయ్ కొట్టుకి వెళ్ళాను. ఆయన కూతురి కోసం తెల్ల కోటు కుడుతున్నాడు. స్టూలు వేసి కూర్చోబెట్టి, టీ తెప్పించాడు. తప్పు మా ఆఫీసుది, మా పిన్ని మీ పాపకి తెనాలే పెట్టింది అని చెప్పాను. కావాలంటే సర్వర్‌లోని ఆ జాడలు ఇప్పుడే ఫోనులో చూపిస్తానన్నాను. అవన్నీ తనకేం తెలుస్తాయన్నాడు. సీటు ఇప్పించినందుకు నన్ను దీవించాడు. కోటు మీద దారం తుంచి, నా మొహంలోకి చూడకుండా చెప్పాడు.

“మీ పిన్ని కదమ్మా. మీరు అలాగే చెప్పాలి.”

ఆయన మీద కోపం తెచ్చుకుందామంటే రాలేదు. ఆయన చోట నేనున్నా అదే అనేదాన్ని. నా కోపమంతా గోడ వైపుకి కూర్చునే ఆ మనిషి మీదే. ఆయనకి ఈ ఏడు కూడా ఆ సైటు పనే ఇచ్చారు. నేను ఇంకా అక్కడే పనిచేస్తున్నాను. ఈ ఊరి నుంచి రైల్లో వెళ్ళి రాగలిగిన ఉద్యోగం నాకు ఇంకోటి దొరకలేదు.

ఆ పిల్ల రోజూ మా రైల్లోనే వెళుతుంది. నన్ను చూస్తే అక్కా అని పలకరిస్తుంది. పిన్ని మాట మాత్రం ఎత్తదు.

మొన్న సెలవు రోజున పిన్ని దగ్గర కూర్చున్నాను. ఒకాయన తన కొడుకు కాగితాలు తెచ్చాడు. పిన్ని కార్డులు అందుకుని, ఎప్పటిలాగే, టైము పడుతుందండి, ఈలోగా వెళ్ళి టీ తాగిరండి అంది.

“పర్వాలేదండి, ఇక్కడే ఉంటాను” అని ఆయన ఆవిడ కుర్చీ వెనక వచ్చి నిలబడ్డాడు.